సనదు లేని సందేశాలు: సెల్‌ఫోను కాలంలో ధార్మిక తెలుగు

రమజాను మాసం సమీపించగానే తెలుగు ముస్లిముల సెల్‌ఫోనులలో ఏటా ఒక సందేశం ప్రత్యక్షమవుతుంది. రమజాను రాకను ఇతరులకు ముందుగా తెలియజేసినవారిపై నరకాగ్ని నిషిద్ధమవుతుందని దాని సారాంశం. కింద దైవప్రవక్త (స) పేరు ఉంటుంది. ఏ గ్రంథంలోనిదో ఉండదు, ఏ సహాబీ ఉల్లేఖించారో ఉండదు. దీనికి మూలం లేదని హదీసు తెలిసినవారు ఎన్నోమార్లు చెప్పారు. అయినా మరుసటి సంవత్సరం అది మళ్ళీ వస్తుంది. పంపేవారిలో దుర్బుద్ధి గలవారు అరుదు. అయిదు పూటలా నమాజు చేసేవారు, పిల్లలకు నాజిరా చెప్పించేవారు, అప్పులకు మాట తప్పనివారు కూడా దీనిని పంపుతారు. ఒక్క వేలితో తాకితే పుణ్యం లభిస్తుందంటే వద్దనుకునేవారెవరు?

సెల్‌ఫోను వలన కలిగే హాని గురించి జుమా ప్రసంగాలలో తరచు వినబడుతున్నది. కాలం వృథా అవుతున్నదని, యువకులు చెడిపోతున్నారని అంటారు. అందులో నిజం లేకపోలేదు గాని ఆ విమర్శ సాధనాన్ని వాడే మనిషి దగ్గరే ఆగిపోతుంది. ఆ సాధనం మాటను ఏ రూపంలో చేరవేస్తున్నది, ఆ రూపం వలన మాటకూ, మాటను నమ్మే సమాజానికీ ఏమవుతున్నది అన్న ప్రశ్న అంతగా చర్చకు రాలేదు. పుణ్యం కోసం పంపే సందేశమే ఆ ప్రశ్నకు తగిన ఉదాహరణ. చెడ్డదని అందరూ ఒప్పుకున్న దానిని విమర్శించడంలో పెద్ద ప్రయోజనం ఉండదు.

ఇస్లామ్ చరిత్రలో మాటకు విలువ దానిని మోసుకువచ్చిన మనిషిని బట్టి ఏర్పడింది. ఫలానావారు ఫలానావారి నుండి విన్నారు అనే గొలుసే సనదు. అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (మరణం హి.శ. 181) దీనిని ధర్మంలో భాగంగానే పరిగణించారు. విన్న ప్రతి మాటనూ ఇతరులకు చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునన్న భావం గల హదీసును ఇమామ్ ముస్లిమ్ తమ గ్రంథానికి పీఠికలోనే చేర్చారు. అబద్ధం పుట్టించనక్కరలేదు, విన్నదంతా దాటవేస్తే చాలు అన్న ఈ సూక్ష్మం ఫార్వర్డ్ చేసేవారికే చెప్పినట్లుంటుంది. గొలుసులోని ఒక్కొక్క మనిషి జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది, ముసలితనంలో మతిమరుపు వచ్చిందా అని విచారించి సంపుటాల కొద్దీ రాసినవారు ఈ సమాజంలోనే పుట్టారు.

ఆ సంపుటాలు అచ్చయిన ఊరు హైదరాబాదు. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ హాఫిజ్ ఇబ్నె హజర్ కృతమైన తహ్‌జీబుత్ తహ్‌జీబ్‌ను హి.శ. 1325-27 మధ్య పన్నెండు సంపుటాలుగా ప్రకటించింది. ఆ వెంటనే లిసానుల్ మీజాన్, తరువాతి కాలంలో ఇమామ్ బుఖారీ తారీఖె కబీర్ వెలువడినవి. ఉల్లేఖకుల చరిత్రల కోసం అరబ్బు దేశాల పండితులు సైతం హైదరాబాదు ప్రతులను తెప్పించుకున్నారు. ఈ నగరంలోనే 1908లో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ గారు హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యులైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సహీఫాను బెర్లిన్, దమస్కు రాతప్రతుల నుండి పరిష్కరించి ప్రచురించారు. అందులోని 138 హదీసులను తరువాతి ముస్నద్ అహ్మద్‌తో పోల్చి చూపారు. తరాలు గడచినా మాట చెదరలేదని నిరూపించడానికి ఆయన చేసిన శ్రమ అది. అటువంటి ఊరి వీధులలో నేడు ‘హదీసులో ఉన్నది’ అన్న ఒక్క ముక్క చాలునన్నట్లుగా ప్రవక్త (స) పేరిట మాటలు తిరుగుతున్నవి.

ఇందులో యంత్రం పాత్ర ఎంతో చూడాలి. వాట్సాప్‌లో ఒక సందేశాన్ని దాటవేసినప్పుడు మొదట రాసినవారి పేరు దానితో రాదు. అందుకున్నవారికి తెలిసేది ఆఖరున పంపినవారెవరో మాత్రమే. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతుల వలన దేశంలో అమాయకులు మూకల చేతిలో ప్రాణాలు కోల్పోయిన తరువాత 2018 జూలైలో ఆ కంపెనీ ‘ఫార్వర్డ్ అయినది’ అన్న గుర్తును చేర్చింది. భారతదేశంలో ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. అయిదు లేక అంతకుమించిన చేతులు మారిన సందేశాన్ని 2020 ఏప్రిల్ నుండి ఒకసారికి ఒక్క చోటికే పంపగలరు, దానికి జంట బాణాల గుర్తు ఉంటుంది. హదీసు పరిభాషలో చెప్పాలంటే, ఈ మాటకు గొలుసు కలదు కాని లంకెలు కనబడవు అని యంత్రమే ఒప్పుకుంటున్నది. మజ్‌హూల్, అనగా ఎవరో తెలియని ఉల్లేఖకుడు, ఒక్కడున్నా ముహద్దిసులు వెనుకాడేవారు. ఇక్కడ ఆఖరివాడు తప్ప అందరూ మజ్‌హూల్‌లే.

అయితే సామాన్య పాఠకుడికి ఆ జంట బాణాలు హెచ్చరికగా కాక సాక్ష్యంగా తోస్తున్నవి. ఇంతమంది పంపారంటే నిజమే అయి ఉంటుందని తలపోస్తాడు. ముతవాతిర్ అనే భావాన్ని తెలియకుండానే తలకిందులు చేయడమిది. అసంఖ్యాకులు పలికినంత మాత్రాన మాట ముతవాతిర్ కాదు. గొలుసులోని ప్రతి తరంలోనూ, మొదటి అంచెతో సహా, అబద్ధంపై ఏకం కావడం అసాధ్యమైనంత మంది ఉండాలి. ఒక్క గది నుండి బయలుదేరి లక్ష ఫోనులకు చేరిన మాట, లక్షమంది నోట వినబడినా, ఒక్కడి మాటే. జనం నోళ్ళలో నానడం వేరు, రుజువు కావడం వేరు అన్న ఎరుకతోనే ఇమామ్ సఖావీ (మరణం హి.శ. 902) ప్రజల నోట ప్రసిద్ధమైన హదీసులను ఒక్కచోట చేర్చి వాటి తాహతును నిగ్గుతేల్చుతూ అల్ మఖాసిదుల్ హసనా రచించారు. లాహోరులో జన్మించిన ఇమామ్ సగానీ, గుజరాతులోని పటన్‌కు చెందిన ముహమ్మద్ తాహిర్ పటనీ కల్పిత హదీసులపై గ్రంథాలు రాశారు. కనుక ఇది అరబ్బు పండితులకే పరిమితమైన విద్య అని తప్పించుకోవడానికి వీలులేదు.

హజ్రత్ ఆయిషా (రజి)పై నింద వ్యాపించిన సందర్భంలో అవతరించిన సూరా నూర్ ఆయతులలో (24:15) ఒక విశేషం కలదు. మాటను చెవులతో అందుకోవడం లోకసహజం. ఆ ఆయతు మాత్రం దానిని నాలుకలతో అందుకున్నారని అంటుంది. చెవి నుండి బుద్ధికి పోకుండా నాలుక నుండి నాలుకకే దాటిపోయిందన్న మాట. నాలుక స్థానంలో బొటనవేలును ఊహించుకోవడం నేటి పాఠకుడికి కష్టం కాదు.

పోతే, ఈ జాడ్యం సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. మదీనాలో ప్రవక్త (స) సమాధి సేవకుడు షేక్ అహ్మద్‌కు కల వచ్చిందని, ఆ కలలోని హెచ్చరికను నకలు తీసి పంచినవారికి మేలు, పంచనివారికి కీడు జరుగుతుందని చెప్పే కరపత్రాన్ని ఎరుగని ముస్లిమ్ ఇల్లు అరుదు. డచ్చి పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యే 1880లలోనే దీని గురించి రాశాడు. ఈజిప్టులో అల్ మనార్ సంపాదకులు రషీద్ రిదా, ఆ తరువాత సౌదీ అరేబియాలో షేక్ బిన్ బాజ్ దీనిని ఖండించారు. చేతిరాత నకళ్ళుగా, అచ్చు కరపత్రాలుగా, జిరాక్సు కాగితాలుగా, చివరకు ఫోను సందేశంగా అది శతాబ్దానికి పైగా జీవించింది. (పది కార్డులు రాసి పంపమని దేవుళ్ళ పేరిట వచ్చే ఉత్తరాలు ఇరుగుపొరుగు హిందువుల ఇళ్ళకూ వచ్చేవి. ఈ విషయంలో మతభేదం లేదు.) కాని ఆ కరపత్రానికి ఖర్చు ఉండేది. ప్రెస్సుకు పోవాలి, డబ్బు పెట్టాలి, పంచడానికి వీధిలో నిలబడాలి. నిలబడినవాడిని మౌల్వీ సాహెబు చూసి పిలిచి అడిగేవారు. ఆ శ్రమే ఒక జల్లెడగా పనిచేసింది. ఇప్పుడు శ్రమా లేదు, నిలబడే మనిషీ లేడు.

ఇక భాష సంగతి. తెలుగులో ఇస్లామీయ వచనం తేలికగా ఏర్పడలేదు. చిలుకూరి నారాయణరావు గారి ఖుర్ఆన్ అనువాదం మొదలుకొని నేటివరకు అనువాదకులు ప్రతి పదం వద్దా తర్జనభర్జన పడ్డారు. తఖ్వాను దైవభీతి అనాలా, భయభక్తులు అనాలా? ఆఖిరత్‌ను పరలోకం అంటే స్వర్గలోకం అన్న అర్థం రాదా? ఇంటిలో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, మస్జిదులో అరబీ వినే పాఠకుడి కోసం వారు మూడు పొరల భాషను అల్లారు. నమాజు, రోజా, దరూద్ వంటి ఫార్సీ మాటలను అలాగే ఉంచారు. ప్రవక్త, ప్రళయం, సత్కార్యం వంటి మాటలకు కొత్త అర్థం తొడిగారు. జకాత్, ఈమాన్ వంటి అరబీ మాటలను వివరణతో ప్రవేశపెట్టారు. ఆ అల్లికలో లోపాలు లేకపోలేదు, సంస్కృతం పాలు ఒక్కొక్కచోట మితిమీరింది. అయినా అది బాధ్యత వహించిన భాష. అట్టమీద అనువాదకుడి పేరు ఉండేది, తప్పు కనబడితే జాబు రాయడానికి చిరునామా ఉండేది.

ఫోను సందేశపు తెలుగు వేరే దారిన వస్తున్నది. దానిలో అధికభాగం ఇంగ్లీషు నుండి, ఒక్కొక్కసారి యంత్రం చేతనే, అనువదింపబడుతున్నది. గూగుల్ అనువాద యంత్రంలో తెలుగు 2011లో చేరింది. ఇంగ్లీషులో నమాజుకూ దుఆకూ ఒక్కటే మాట వాడతారు. అది తెలుగులోకి ‘ప్రార్థన’గా దిగుతుంది. దానితో వుజూ, రుకూ, సజ్దాలతో కూడిన విధికీ, మంచం మీద రోగి చేతులెత్తి వేడుకోవడానికీ తేడా చెరిగిపోతుంది. ప్రార్థన వదలినవాడికి ఫలానా శిక్ష అని చదివిన కొత్త పాఠకుడు ఏది వదలినవాడికని అర్థం చేసుకోవాలి? అదేవిధంగా జకాతూ, సదఖా రెండూ ‘దానం’ అవుతున్నవి. ఒకటి లెక్కగట్టి చెల్లించవలసిన విధి, బీదల హక్కు. రెండవది ఇచ్చేవారి ఇష్టం. నఫ్స్, రూహ్ రెండూ ‘ఆత్మ’లో కలసిపోతున్నవి, ఆ ఆత్మకు ఈ దేశంలో మరొక తత్వశాస్త్రం అంటిపెట్టుకొని ఉన్నదన్న స్పృహ కూడా లేదు. అన్నిటికంటె ఘోరమైనది దూత. తెలుగు ఇస్లామీయ గ్రంథాలలో మలక్‌ను దైవదూత అంటారు, రసూల్‌ను దైవప్రవక్త లేక సందేశహరుడు అంటారు. ఇంగ్లీషులో రసూల్‌కు వాడే మాటను తెలియనివారు, లేక యంత్రం, దూత అని దించితే ప్రవక్త (స) ఫరిష్తాలలో కలసిపోతారు. ఆయన మానవుడే అన్న మూలసూత్రానికి ఒక్క పదం ఎసరు పెడుతుంది. ఉర్దూ నుండి అనువదించినవాడికి ఈ తప్పు చేయడం దాదాపు అసాధ్యం.

లిపి సమస్య ఇంకొకటి. జే, జాల్, జాద్, జోయ్ అనే నాలుగు అక్షరాలకూ తెలుగులో ఒక్క ‘జ’యే గతి. హైదరాబాదు ఉచ్చారణలో ఖాఫ్ ఖేగా పలకడం వలన సమాధి అనే అర్థం గల మాటా, వార్త అనే అర్థం గల మాటా రెండూ తెలుగులో ‘ఖబర్’ అవుతున్నవి. పుస్తకంలో వాక్యం తోడు ఉంటుంది కనుక పాఠకుడు గ్రహిస్తాడు. ఫోనులో ‘ఖబర్’ అని కొట్టి వెదకేవాడికి యంత్రం రెండింటినీ కలిపి కుప్పపోస్తుంది. రమజాన్, రంజాన్, రమదాన్ అని మూడు రూపాలలో రాసిన మూడు వ్యాసాలు ఒకదానికొకటి కనబడవు. గల్ఫ్ వెళ్ళివచ్చినవారి వలన, అరబ్బు వక్తల వీడియోల వలన నమాజు సలాహ్ అవుతున్నది, ఖుదా హాఫిజ్ అల్లాహ్ హాఫిజ్ అయి చాలాకాలమైంది. అరబీ మాట మీద అభ్యంతరం ఎవరికీ ఉండనక్కరలేదు. కాని తాత నేర్పిన ‘నమాజు’ తక్కువ ఇస్లామీయమని మనవడు అనుకోవడంలో మాత్రం జ్ఞానం కన్నా ఫ్యాషను పాలే హెచ్చు.

ప్రవక్త (స) పేరు వెంట దరూద్‌ను పొట్టి అక్షరాలతో రాయడాన్ని ఇబ్నుస్ సలాహ్ (మరణం హి.శ. 643) వంటి పండితులు నిరసించారు. కాగితం మిగుల్చుకోవడానికి సిరాను పొదుపు చేయడం తగదని వారి భావం. తెలుగు అచ్చులో ‘(స)’ అలవాటుగా స్థిరపడింది, ఈ పత్రికల పుటలు కూడా అందుకు మినహాయింపు కావు. ఫోనులో ఆ ఒక్క అక్షరం కూడా ఇంగ్లీషు పొడి అక్షరాలుగా మారింది. జజాకల్లాహ్ అన్న దుఆ జె, ఎ, కె అయింది. చిత్రమేమంటే, అదే ఫోనులో సల్లల్లాహు అలైహి వసల్లమ్ అన్న పూర్తి వాక్యం అరబీలో ఒకే ఒక్క అక్షరంగా అమర్చబడి సిద్ధంగా ఉన్నది. యూనికోడ్ వారు దానికి స్థానం కల్పించారు. ఒక్క తాకుతో పూర్తి దరూద్ రాయగల సౌకర్యం కలిగిన కాలంలోనే దానిని ఎక్కువగా కుదించడం జరుగుతున్నది.

మంచి గ్రంథాలు ఉండగా జనం నాసి సందేశాలనే ఎందుకు చదువుతారని పెద్దలు బాధపడతారు. జవాబులో కొంత అక్షరాల అమరికలో ఉన్నది. 1990ల నుండి తెలుగు పుస్తకాలు హెచ్చుగా ‘అను’ వంటి అక్షరరూపాలతో కంపోజు అయినవి. అవి కంటికి తెలుగే, యంత్రానికి కాదు. యూనికోడ్ కానందున వాటిని వెదకలేరు, నకలు తీసి పంపలేరు. పాత పుస్తకాలను బొమ్మలుగా తీసి ఉంచినా అదే గతి. పదిసార్లు ప్రూఫు దిద్దిన గ్రంథం ఫోనులో మూగగా పడి ఉంటుంది, ప్రూఫు చూడని సందేశం వెదకిన క్షణంలో పలుకుతుంది. తెలుగు అక్షరాలతో ఆ యంత్రాలకూ పూర్తిగా పొసగలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క సంయుక్తాక్షరం తారసపడితే ఆపిల్ ఫోనులలోని కార్యక్రమాలు కుప్పకూలినవి. జ్ఞానం అనే మాటకే ఈ గతి పట్టడం ఆనాడు చాలామందికి నవ్వు తెప్పించింది.

సమాజం మాటకు వస్తే లాభనష్టాలను తూకం వేయడం అంత సులభం కాదు. కడప, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల నుండి కువైటు, దుబాయి, సౌదీ వెళ్ళిన కొడుకు 1980లలో ఉత్తరం రాస్తే చదువురాని తల్లి దానిని పక్కింటి పిల్లవాడి చేతనో, మస్జిదు పేషిమాము చేతనో చదివించుకునేది. కొడుకు జీతం ఎంతో, కోడలితో తగవేమిటో చదివేవాడికి తెలిసిపోయేది. కొందరు టేపులలో మాటలు నింపి వచ్చేపోయేవారితో పంపేవారు. నేడు ఆ తల్లి ఫోనులో కొడుకు గొంతు విని, తన గొంతుతోనే జవాబు పంపుతుంది. మధ్యవర్తి లేడు, రహస్యం దక్కింది. అంతేకాదు, ఏ పుస్తకానికీ ఎక్కని దక్కనీ, తెలుగే మాతృభాషగా గల నూర్‌బాషా దూదేకుల ఇళ్ళలోని ధార్మిక తెలుగు, ఆ కంఠధ్వనులలో చెక్కుచెదరకుండా ప్రయాణిస్తున్నవి. ఇది చిన్న లాభం కాదు. పేషిమాము ఉత్తరం చదివిపెట్టే రోజులలో ఆ ఇంటి కష్టం ఆయనకు తెలిసేదన్నదీ, బైతుల్ మాల్ నుండి ఎవరికి సహాయం అందాలో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేకపోయేదన్నదీ దీని మరొక పక్క.

మహల్లా గ్రూపులో జనాజా వార్త నిమిషాలలో అందుతుంది. రక్తం కావాలంటే పరుగెత్తే యువకులు ఉన్నారు. 2020లో మస్జిదులు మూతపడినప్పుడు పిల్లల పాఠాలు, స్త్రీల దర్సులు ఫోనులోనే సాగినవి. కాని ఆ సంవత్సరమే, మార్చి, ఏప్రిల్ నెలలలో, నిజాముద్దీన్ సమావేశాన్ని సాకుగా చేసుకొని ముస్లిములే రోగాన్ని వ్యాపింపజేస్తున్నారన్న వదంతులు అవే ఫోనులలో దేశమంతటా తిరిగినవి. పాత వీడియోలను కొత్తవిగా చూపారు. పండ్లు, కూరగాయలు అమ్ముకునే ముస్లిములను వీధులలోకి రానివ్వని చోట్లు ఉన్నవి. ఆ సందేశాలకూ సనదు లేదు. పేరు లేని మాట ఎంత ప్రమాదకరమో ఆ వేసవిలో స్వయంగా అనుభవించిన సమాజం, తన వంతు వచ్చినప్పుడు పేరు లేని మాటనే ప్రవక్త (స)కు అంటగట్టడం విచారించదగినది. మొదట పంపినవారెవరో కంపెనీ చెప్పగలగాలని 2021 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు కోరినవి, కంపెనీ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. అది పోలీసుల సనదు. శిక్షించడానికి పేరు అడగడం వేరు, నమ్మడానికి పేరు అడగడం వేరు. రెండవది ఏ ప్రభుత్వమూ చేసిపెట్టదు.

సందేశం కింద ‘బుఖారీ’ అని ఒక్క మాట చేర్చి ఊరుకోవడం కూడా దీనికి జవాబు కాదు. ఫువాద్ అబ్దుల్ బాఖీ లెక్కన సహీహ్ బుఖారీలో 7563 సంఖ్యలు ఉన్నవి. అధ్యాయం, సంఖ్య లేకుండా పేరొక్కటే చెబితే వెదకేవాడికి ఏమీ చెప్పనట్లే. వేర్వేరు ముద్రణలలో సంఖ్యలు మారతాయి కనుక ఏ ప్రతి నుండి తీసుకున్నారో, ఎవరి అనువాదమో రెండు ముక్కలు చేర్చాలి. ఫోనులో ఇందుకు పట్టే సమయం అర నిమిషం.

పాత క్రమశిక్షణ పూర్తిగా సడలని సందర్భం ఒకటి మిగిలి ఉన్నది. ఇరవై తొమ్మిదవ తేదీ సాయంత్రం మగ్రిబ్ దాటగానే ఎక్కడెక్కడి చంద్రవంక బొమ్మలో ఫోనులలోకి వచ్చిపడతాయి. ఏ ఊరివో, ఏ ఏటివో తెలియదు. ఉలమా తంతి వచ్చిన కాలం నుండి ఈ విషయమై చర్చించారు, ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు నూతన సాధనాల షరీఅతు తీర్పులపై గ్రంథమే రాశారు. ఖబర్ వేరు, షహాదత్ వేరని వారి విభజన. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ఆకాశం మబ్బు పట్టి ఉంటే రమజాను నెలవంకకు నమ్మదగిన ఒక్కరి ఖబర్ సరిపోతుంది, ఈదు నెలవంకకు మాత్రం ఇద్దరు సాక్షులు కావాలి. సాక్ష్యమన్నది ఎదుట నిలిచి చెప్పవలసినది. హైదరాబాదులో రుయతె హిలాల్ కమిటీ సమావేశమైనప్పుడు అడిగే ప్రశ్న నేటికీ అదే: చూసినవారెవరు, ఎక్కడ చూశారు?